బొమ్మల్లేని ఆట

ఇప్పటి ఆటల్లో బొమ్మలు బాగుంటాయి, కాదనను. గడ్డిపోచ మీద మంచుబొట్టు కూడా మెరుస్తుంది. ఆ మెరుపు చూడాలంటే ముందు బోలెడు జీబీలు దించుకోవాలి, తర్వాత అప్‌డేట్ అంటాడు, తర్వాత ఇవాళ్టి బహుమతి తీసుకోమంటాడు, తర్వాత దుకాణం తెరుస్తాడు. ఇంత తతంగం అయ్యేసరికి ఆడాలన్న సరదా సగం చస్తుంది. మా రోజుల్లో నల్లటి తెర, దాని మీద పచ్చటి అక్షరాలు, అంతే. టెల్నెట్ అని కొట్టి, సర్వర్ పేరు రాసి, పక్కన 4000 అని పోర్ట్ నంబర్ పెడితే చాలు. మరుక్షణం గుడి ముందు నిలబడి ఉండేవాళ్లం.

వాటిని మడ్‌లు అనేవాళ్లు. నేటి పిల్లలు ఆన్‌లైన్ ఆటలు తమతోనే పుట్టాయనుకుంటారు. మొదటి మడ్ పుట్టింది 1978లో, ఇంగ్లండ్‌లో కోల్చెస్టర్ దగ్గరున్న ఎసెక్స్ యూనివర్సిటీలో. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి అక్కడి డెక్ పీడీపీ-10 కంప్యూటర్ మీద రాయడం మొదలుపెట్టాడు. 1980లో చదువు ముగించి వెళ్తూ దాన్ని రిచర్డ్ బార్టిల్ చేతిలో పెట్టాడు. ఇరుకు బాట, స్మశానం, గుడిసె, అన్నీ మాటల్లోనే. మనం ఏం చెయ్యాలో టైప్ చేస్తాం, ఏం జరిగిందో అది చెబుతుంది. అదే చోట ఇంకో మనిషి ఉంటే అతనికీ కనబడుతుంది, అతను తిరిగి పలకరిస్తాడు. మాటల ఆటల్లో ఈ చివరి ముక్కే అప్పటికి కొత్త. పగలు ఆ కంప్యూటర్‌కి చదువుల పనులుండేవి కాబట్టి, బయటివాళ్లు ఫోన్ లైన్ల మీద అర్ధరాత్రి దాటాక వచ్చి ఆడేవారు. నిద్ర మానుకుని ఆడే జబ్బు కూడా అప్పటిదే లెండి, ఆ ఒక్కటీ నేటి పిల్లలకి వారసత్వంగా వచ్చింది.

ఆ మొదటి ఆటలో ఒక తమాషా ఉంది. కష్టపడి సంపాదించిన కిరీటాన్నో, నగనో ఊబిలో పారేస్తేనే పాయింట్లు వచ్చేవి. దాచుకుంటే లాభం లేదు. నిధులన్నీ అయిపోయాక లోకాన్ని మళ్లీ మొదటినుంచి పెట్టేవారు. కిరీటం మళ్లీ తన చోటికి వచ్చేది, పాయింట్లు మాత్రం మనిషి పేరున మిగిలేవి. ఇవాళ ఏ ఆటైనా తెరిచి చూడండి, కూడబెట్టడమే ఆట.

ఆ తర్వాత మడ్‌లు యూనివర్సిటీల్లో చెట్టుకొకటి పుట్టాయి. వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అలన్ కాక్స్ 1987లో అబెర్‌మడ్ రాశాడు. తర్వాత లినక్స్ కెర్నల్ పనితో లోకానికి తెలిసిన కాక్స్ ఆయనే. స్వీడన్‌లో లార్స్ పెన్షో 1989లో ఎల్‌పీమడ్ తెచ్చాడు. కోపెన్‌హాగెన్ యూనివర్సిటీ విద్యార్థులు ఐదుగురు డికుమడ్ కట్టారు. తొంభైల మొదట్లో నేను ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లి క్యాంపస్ ల్యాబ్‌లో తగులుకున్నది ఈ డికుమడ్ సంతతికే.

దాని సంగతి చెప్పాలి. నిచ్చెన మీద మెట్లెక్కినట్టు లెవెల్స్ ఎక్కాలి, నిజమే. కానీ ముందు కడుపు చూసుకోవాలి. ఆకలేస్తోందని, దాహమేస్తోందని అది పదే పదే గుర్తుచేసేది. బేకరీకి వెళ్లి రొట్టె కొనుక్కుని సంచిలో వేసుకుంటే గానీ ఊరు దాటలేం. ఊరు దాటాక ఉత్తరానికి ఒక అక్షరం, తూర్పుకి ఒక అక్షరం. ఎదురుగా ఏ రాక్షసుడో ఉంటే, 'కిల్' అని కొట్టాక వరసలు పైకి పరుగెత్తేవి: నువ్వు కొట్టావు, అతను తప్పించుకున్నాడు, అతను కొట్టాడు, నీకు బాగా తగిలింది. ప్రాణం ఎంత మిగిలిందో అంకెల్లో చూసుకుంటూనే 'ఫ్లీ' అని కొట్టాలి. అక్షరం తప్పు కొట్టామా, పోయాం. సరిగ్గా కొట్టినా ఏ దిక్కుకి పారిపోతామో మనకే తెలియదు; ఒక్కోసారి అంతకన్నా పెద్ద రాక్షసుడి గదిలో తేలేవాళ్లం. చస్తే మన సామానంతా శవం దగ్గరే ఉండిపోయేది. ఉత్త చేతులతో గుడి దగ్గర మళ్లీ మొదలుపెట్టి, ఆ శవాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. దారి గుర్తుండాలి కాబట్టి నోట్‌బుక్కులో పటాలు గీసుకునేవాళ్లం. ఇప్పుడు తెరమీదే బాణం గుర్తు వెలుగుతుంది. అటు నడవడానికి మనిషెందుకో నాకర్థం కాదు.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాబోటివాళ్లకి ఆ ఆట ఇంకో మేలు చేసింది. క్లాసులో నోరు విప్పాలంటే యాస అడ్డం. అక్కడ నోటితో పనిలేదు, వేళ్లతోనే మాట. స్వీడన్ వాడో, టెక్సస్ వాడో నాతో కలిసి రాక్షసుణ్ని కొట్టేవాడు, నా ఇంగ్లీషుని కొట్టేవాడు కాదు.

డబ్బు అప్పుడు లేదని అనను. కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సర్వీసులో 1985 నుంచి ఐలాండ్ ఆఫ్ కెస్మాయ్ అనే ఆట ఉండేది, గంటకి ఆరు డాలర్ల పైమాటే. కానీ వాళ్లు అమ్మింది గంటల్ని. ఎవడైనా లోపలికి వెళ్లాక తన కత్తిని తనే తెచ్చుకోవాలి. మా మేనల్లుడు మొన్న ఫోన్ ఆటలో కత్తి కొన్నాడు, వాళ్ల నాన్న కార్డు మీద. పదునెక్కువా అని అడిగితే, "లేదు మామయ్యా, రంగులు మారుతుంది" అన్నాడు.

నా అసలు బాధ రంగుల గురించి కాదు. మా ఆటల్లో బాగా ఆడితే వచ్చే బహుమతి పని. మొదటి మడ్‌లో పై మెట్టెక్కితే విజార్డ్ అయ్యేవాడు, మామూలు ఆటగాళ్లకి లేని అధికారాలు వచ్చేవి. ఎల్‌పీమడ్‌లో అయితే విజార్డ్‌కి కోడ్ రాసే హక్కే ఇచ్చేవారు. ఆట నడుస్తుండగానే కొత్త కోట, కొత్త అడవి, కొత్త రాక్షసుడు రాసి పెట్టొచ్చు. నిన్నటిదాకా ఆడినవాడు ఇవాళ కట్టేవాడు. డికుమడ్ కోడ్ అడిగినవాళ్లకల్లా ఇచ్చేశారు. లాభానికి వాడకూడదు, మా పేర్లు తీసెయ్యకూడదు, ఇవే ముఖ్యమైన షరతులు. దాన్ని తీసుకుని ఎందరో తమ లోకాలు తాము నిలబెట్టారు, పనిలో పనిగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మా లెవెల్స్, మా తరగతులు, మా గుంపు పోరాటాలు అన్నీ పట్టుకెళ్లాయి. ఆటగాడి చేతికి తాళాలిచ్చే ఆ పద్ధతి మాత్రం గుమ్మం దగ్గరే వదిలేశాయి.

మడ్‌లు పూర్తిగా పోలేదు. కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్ పెట్టుకుని వాటిలో అందరితో సమానంగా ఆడుతున్నారు. కోట్లు పోసి తీసిన ఆటలు ఎన్నింటికి ఆ పాటి చేతనవుతుంది? మా సర్వర్ ఒకటి ఆగిపోతే, కోడ్ ఉన్న ఇంకో కుర్రాడు ఇంకో మెషీన్ మీద మళ్లీ లేపేవాడు. ఇప్పుడు కంపెనీ సర్వర్ కట్టేస్తే ఊరూ పోతుంది, కత్తీ పోతుంది, కార్డు మీద పోయిన డబ్బూ రాదు. ముసలాడి సణుగుడంటారా, అనండి. కానీ కత్తి కొనేముందు ఆ షరతుల పేజీ ఒక్కసారి చివరిదాకా చదివి, అది ఎవరి సొత్తని రాసుందో చెప్పండి.