నిప్పు ఊరికే ఇచ్చేవాళ్ళం

మా మనవడు బీటెక్ చదివాడు. హైదరాబాదులో రెండేళ్ళు ఏదో కంపెనీలో కుర్చీ అరగదీశాడు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చి, "తాతయ్యా, నేనూ నీ లైన్లోకే వస్తున్నా" అన్నాడు. నోట్లో గారె నోట్లోనే ఉండిపోయింది. నా లైనంటే కిళ్ళీ బంకు. (బంకంటే ఇప్పటి పిల్లలు పెట్రోలు బంకనుకుంటారు. మా చీరాలలో నాలుగు చెక్కలు కొట్టి, నాలుగు రాళ్ళమీద నిలబెట్టిందే బంకు.) 1971లో పెట్టాను, మోకాళ్ళు మొరాయించేదాకా ముప్పై అయిదేళ్ళు నడిపాను. అందులో ఏం బావుకున్నానని వీడు వస్తానంటున్నాడు?

"కిళ్ళీలు కాదు తాతయ్యా, స్మోకింగ్ యాక్సెసరీస్."

అవేవిట్రా అంటే ఫోన్లో బొమ్మలు చూపించాడు. జానెడు పొడుగు పల్చటి కాగితాలు, గాజు గొట్టాలు, లోపల పళ్ళున్న గుండ్రటి డబ్బాలు, హుక్కాలు, బొగ్గుబిళ్ళలు, రంగురంగుల లైటర్లు, అవన్నీ పెట్టుకోడానికి పళ్ళేలు. కళ్ళజోడు సవరించుకుని అన్నీ చూశాను.

"మరి పొగాకేదిరా?"

"పొగాకు మనం అమ్మం" అన్నాడు ఛాతీ విరుచుకుని.

పందిరి మాది, బాజాలు మావి, పల్లకీ మాది, పెళ్ళికూతురి సంగతి మాత్రం మమ్మల్ని అడక్కండి అన్నట్టుంది!

మా రోజుల్లో యాక్సెసరీస్ అంటే ఒకటే, కొబ్బరి తాడు. బంకు పక్క మేకుకి బారెడు పీచుతాడు వేలాడేది. పొద్దున్నే కొసకి నిప్పంటిస్తే రాత్రి కొట్టు కట్టేదాకా మంట లేకుండా రాజుకుంటూనే ఉండేది. వచ్చినవాడు తాడు కొస పట్టుకుని, బూడిద ఉఫ్‌మని ఊది, ఎర్రగా కణకణలాడే చోట బీడీ ఆనించి రెండు దమ్ములు లాగితే అంటుకునేది. అంత ఒడుపు లేని కుర్రాడు మూతి కాల్చుకుని మర్నాటికి నేర్చుకునేవాడు. వానాకాలం తాడు చెమ్మగిల్లి మొండికేస్తే చిన్న కిరసనాయిలు బుడ్డి వెలిగించి పెట్టేవాణ్ణి. దాని పక్కనే డబ్బాలో ఖాళీ సిగరెట్టు పెట్టెల అట్ట సన్నగా పుల్లల్లా కత్తిరించి పోసేవాణ్ణి. మధ్యాహ్నం బేరాల్లేని వేళ నా పని అదే. ఒక అట్టపుల్ల బుడ్డి మీద పెట్టడం, ముట్టించుకోవడం, ఆర్పేసి వెళ్ళడం. నిప్పుకి డబ్బులడిగిన బంకు వాణ్ణి నా జన్మలో చూళ్ళేదు. నా దగ్గర సిగరెట్టు కొనకపోయినా, జేబులో బీడీ ఉన్నవాడికి నా తాడు మీద హక్కుండేది. నిప్పు లేదనడం అప్పట్లో తిట్టుతో సమానం.

ఇప్పుడు వీడు అమ్మబోయేది అచ్చంగా నిప్పేనట. లైటరు ఒక్కోటి మూడొందలట. "రీఫిల్ చెయ్యొచ్చు తాతయ్యా." మాకూ ఉండేవి లైటర్లు, లేకేం. మద్రాసు బర్మా బజారు నుంచి ఎవరైనా పట్టుకొస్తే ఊరంతా చూడ్డానికొచ్చేది. దూదికి రెండు చుక్కల పెట్రోలు పట్టించి, అరిగినప్పుడల్లా చిన్న రాయి మార్చుకుని, ఇరవై ఏళ్ళు వాడి కొడుక్కిచ్చిపోయినవాళ్ళున్నారు. తరవాతేగా ఈ ప్లాస్టిక్ లైటర్లు వచ్చిపడ్డాయి, వాడి పారెయ్యమని. వాటి దెబ్బకి శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలవాళ్ళు లబోదిబోమన్నారు. 2023 జూన్‌లో ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం ఆపేసింది. అగ్గిపెట్టె మాత్రం పాపం పధ్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే కూర్చుని 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. ఈ దేశంలో ఓర్పుకి విగ్రహం పెట్టాలంటే అగ్గిపెట్టెకి పెట్టాలి.

పొగాకు విషయంలో మా ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఐ.ఎల్.టి.డి. కంపెనీ మా ఊళ్ళో ఉంది. సీజన్లో గాలి అటు తిరిగిందంటే ఆకు వాసన ఇంట్లోకొచ్చేది. షిఫ్టు వదిలితే నా బంకు ముందు తిరనాళ్ళే. తమాషా ఏవిటంటే, పగలంతా వర్జీనియా ఆకు చేతుల్లో నలిగినవాళ్ళు సాయంత్రం అడిగేది బీడీలో, లంకాకు చుట్టో. బంగారు రంగు ఆకు బేళ్ళలో ఎటో వెళ్ళిపోయేది. చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు బ్యారన్లు రాత్రుళ్ళు కూడా కాలుతుండేవి. రైతు పక్కనే గోనెపట్టా పరుచుకుని వేడి చూసుకుంటూ పడుకునేవాడు. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు పెట్టారు, ఎనభైల్లో వేలం కేంద్రాలొచ్చాయి. టంగుటూరు, కొండపి, కందుకూరు రైతులు ఆకు అమ్ముకుని చీరాల మీదుగా పోతూ మొహం చూపిస్తే చాలు, ఆ ఏడు రేటెంతో నాకు తెలిసిపోయేది. రేటు బాగుంటే సిగరెట్టు పెట్టె అడిగేవాడు. బాగోకపోతే రెండు బీడీలు, అవీ అరువు.

మనుషుల్ని చూస్తే సరుకు గుర్తొచ్చేది. గుమాస్తాగారు బర్కిలీ. సినిమా హాలు గేటు దగ్గరాయన చార్మినార్, దాని ఘాటుకి పక్కవాడు దగ్గేవాడు. మగ్గాల వీధి పెద్దాయనకి కత్తెర మార్కు, అదీ సగమే, మిగతా సగం ఆర్పి చెవి మీద పెట్టుకునేవాడు. నోరు తెరవక్కర్లేదు, మనిషి వీధి మలుపులో కనబడితే నా చెయ్యి డబ్బా మీదకి పోయేది. ఖాళీ పెట్టెల కోసం పిల్లలు బంకు చుట్టూ కాకుల్లా తిరిగేవాళ్ళు, బచ్చాలాడుకోడానికి. దొరకని పెట్టె అట్టకి విలువెక్కువ. నా వాటా అట్టపుల్లలకి పోగా మిగిలినవి వాళ్ళవి.

ఇప్పుడా పెట్టె ఏ పిల్లాడు ముట్టుకుంటాడు? 1975 చట్టంతో మొదలు ఓ మూల చీమల బారులా హెచ్చరిక రాశారు, భూతద్దం పెడితే కనబడేది. 2009లో బొమ్మలు మొదలెట్టారు. నమిలే పొగాకు పొట్లాం మీద తేలు బొమ్మ వేశారు. అప్పటికి నేను బంకు మూసేశాను గానీ, మా వీధి కొట్లో ఒకాయన "తేలు మార్కుదివ్వు" అని అడగ్గా నా చెవులారా విన్నాను. భయపెడదామని వేస్తే బ్రాండైపోయింది! అందుకేనేమో 2016లో పెట్టె మీద నూటికి ఎనభై అయిదు వంతులు కుళ్ళిన పుండు బొమ్మ పెట్టారు. మిగిలిన పదిహేను వంతుల్లో కంపెనీ పేరు ఇరుక్కుని కూర్చుంది.

ఇక లైసెన్సులు. మా చీరాలవాళ్ళకి పన్నంటే పాత పగ. 1921లో మునిసిపాలిటీ వద్దు, దాని పన్నులొద్దంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరికి ఊరే ఇళ్ళు ఖాళీ చేసి పోయి, రామనగరమని పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. అలాంటి ఊళ్ళో నా మనవడు ట్రేడ్ లైసెన్సుకి నవ్వుకుంటూ దరఖాస్తు పెట్టాడు. నేను ఏడాదికోసారి పన్ను కట్టి, ఆ రసీదు మేకుకి గుచ్చేవాణ్ణి, అంతే నా ఆఫీసు. అయినా నా పాత రసీదులన్నీ ఇప్పుడు చెల్లవేమో. బంకు కదిపింది లేదుగానీ జిల్లాలు మారిపోయాయి. నేను పుట్టినప్పుడు గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, రెండేళ్ళకి ప్రకాశం అన్నారు, 2022లో బాపట్లలో కలిపారు.

వీడికి చట్టాలన్నీ కంఠతా వచ్చు. ఈ-సిగరెట్టు 2019 నుంచీ నిషేధం. అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. అది ముట్టుకోడట. 2024లో తెలంగాణలో హుక్కా పార్లర్లు మూయించారు, "కానీ పార్లరు నడపడం వేరు, హుక్కా అమ్మడం వేరు తాతయ్యా." 2003 చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు, పద్దెనిమిదేళ్ళు నిండనివాడికి ఎక్కడా అమ్మకూడదు, ఆ మాట అరవై సెంటీమీటర్ల బోర్డు మీద రాసి పెట్టాలి. "మనది పొగాకే కాదు గదా, ఉత్త కాగితం. అయినా బోర్డు పెడతా."

నాకు ఒళ్ళు మండింది. "మాకు బోర్డు ఎందుకురా? ప్రతి కుర్రాడి తండ్రి పేరు నాకు తెలుసు. మీసం రానివాడు వచ్చి సిగరెట్టడిగితే చెవి మెలేసి పంపేవాణ్ణి" అన్నాను.

వాడేం మాట్లాడలేదు. ఫోను తీసి, నా పాత బంకు ఉన్న చోటు నుంచి హైస్కూలు గేటుదాకా నడుచుకుంటూ పోయాడు. నేనూ కర్ర పట్టుకుని వెనకే వెళ్ళాను. అరవై అడుగులు కూడా రాలేదు. "ఇప్పుడైతే నీ బంకు మొదటి రోజే ఎత్తేసేవాళ్ళు తాతయ్యా" అని నవ్వాడు.

ఆ గేటు దగ్గర నిలబడితే నాకు అన్నీ గుర్తొచ్చాయి. చెవి మెలేసిన మాట నిజమే. కానీ "నాన్న తెమ్మన్నాడు" అంటే చాలు, అదే కుర్రాడి చేతిలో రెండు బర్కిలీలు పెట్టి పంపేవాణ్ణి. పంతుళ్ళు క్లాసులోంచి పిల్లల్నే పంపేవాళ్ళు. ఇంకొందరు తండ్రులైతే బీడీ నా తాడు దగ్గరే ముట్టించుకు రమ్మని పంపేవాళ్ళు. ఇల్లు చేరేలోగా ఆరిపోకుండా వాడు దారిపొడుగునా దమ్ములు లాగుతూ పోయేవాడు. ఆ పిల్లల్లో సగంమంది మీసాలొచ్చాక నా ఖాతాదార్లయ్యారు. అప్పుడు నాకది వ్యాపారం పెరగడంలాగే కనిపించింది.

ఇంటికొచ్చి మళ్ళీ పేచీ పెట్టుకున్నాను. ఆ పళ్ళ డబ్బా చేతికి తీసుకుని తిప్పి చూశాను. క్రషరట. "మన పొగాకు నలపడానికి అరచెయ్యి, బొటనవేలు చాలురా. ఇంత పొడుగు కాగితంలో, ఇన్ని పళ్ళతో నలిపి చుట్టే ఆకు ఏదో నాకు తెలీదనుకున్నావా? గుడి వెనక సాధువుల చిలుంలు చూడనివాణ్ణా?"

వాడు తల తిప్పుకున్నాడు. "కొన్నవాడు ఏం చేసుకుంటే మనకెందుకు తాతయ్యా?"

వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది, చేతికి పిండి ఉండగానే. "ఈ మాట ఎక్కడో విన్నట్టుందే" అంది నా వంక చూస్తూ.

విన్నట్టుండడం కాదు, అది నా మాటే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా పేటలో ఉన్న ముసలమ్మ ఒకామె నా దగ్గర చుట్టలు కొనేది. అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీల్చడం. బంకు ముందు గొంతుక్కూర్చుని కాలుస్తుంటే బూడిద కూడా బయట పడేది కాదు, చూడ్డానికి వింతగా ఉండేది. ఓ ఏడు ఆమె అన్నం మింగలేక మజ్జిగ తాగుతోందని, అంగిట్లో పుండు పడిందని మా ఆవిడ చెప్పింది. చెప్పి, ఆమెకి చుట్టలివ్వొద్దంది. నేను సరిగ్గా ఇదే మాటన్నాను. కొన్నవాళ్ళు ఏం చేసుకుంటే మనకెందుకే, మనం ఇవ్వకపోతే ఇంకో బంకులో కొనదూ, అన్నాను. ఆమె మూణ్ణెల్లు కొంది. తరవాత రాలేదు. నా పద్దు పుస్తకంలో ఆమె పేరు ఎదుట మూడు రూపాయల అరవై పైసలు ఉంది. అది కొట్టెయ్యలేదు. ఎందుకు కొట్టెయ్యలేదో మా ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి మనవడు జాబితా ముందేసుకుని కూర్చున్నాడు. పొద్దున చూస్తే అందులో పొడుగు కాగితాలూ, పళ్ళ డబ్బాలూ కొట్టేసి ఉన్నాయి. నా మాట విన్నాడో, నాయనమ్మ చూపుకి జడిశాడో, పోలీసులకి భయపడ్డాడో నేనడగలేదు. లైటర్లు, యాష్‌ట్రేలు, ఇత్తడి హుక్కాలు మిగిలాయి. "వీటితో అద్దె వస్తుందంటావా?" అన్నాడు. రాదు. వాడికీ తెలుసు.

అయినా కొట్టు తెరిచాడు. ఏసీ, గాజు తలుపు, గోడకి రంగు దీపాలు. నన్ను తీసుకెళ్ళి తలుపు పక్కన ఇత్తడి కొక్కేనికి వేలాడదీసిన వస్తువు చూపించాడు. సర్‌ప్రైజట. కొత్త కొబ్బరి తాడు, బారెడుంది. పక్కనే చిన్న అద్దాల ఫ్రేములో ఎక్కడ సంపాదించాడో ఓ బర్కిలీ పెట్టె.

నాకు నవ్వొచ్చింది. జేబులోంచి రెండు రూపాయల అగ్గిపెట్టె తీశాను.

"అయ్యో, ముట్టించకు తాతయ్యా! స్మోక్ అలారం మోగుతుంది."

పొగ సామాన్ల కొట్లో పొగ పనికిరాదన్నమాట. మా రోజుల్లో... సరే, పోనివ్వండి. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, గల్లా దగ్గర కుర్చీలో కూర్చున్నాను. మొదటి బేరం వచ్చాడు. మీసం రాలేదు. ఇంటర్ పుస్తకాలు భుజాన ఉన్నాయి. లైటరు కావాలన్నాడు.

"మీ నాన్న పేరేంట్రా అబ్బాయ్?" అన్నాను.

మా మనవడు గుడ్లురిమాడు. కుర్రాడు పారిపోయాడు. మొదటి బేరం చెడింది.