మా వాటా సముద్రం

వచ్చినవాళ్లందరూ కళాకారులేనన్న ఆ ప్రకటన ఈ వారం మీరూ చదివే ఉంటారు. బీచ్‌లో ఉత్సవమట. సందర్శకుల చేతే బొమ్మలు వేయిస్తారట, ఇసుక శిల్పాలు చేయిస్తారట, ఇక ప్రేక్షకుడనేవాడే ఉండడట. చాలా సంతోషం. మాచర్ల వాసిగా నాది ఒకటే అభ్యంతరం. మా సముద్రం ఏదీ?

నవ్వకండి. 2022 ఏప్రిల్ 4 దాకా మాకూ సముద్రం ఉండేది. ఉమ్మడి గుంటూరు జిల్లా అంటే ఇటు నల్లమల అంచు నుంచి అటు సూర్యలంక తీరం దాకా. ఆ రోజు జిల్లాలు పంచారు. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దోడు ఇల్లు, చిన్నోడు మాగాణి పట్టుకుపోతే నడిపోడికి దొడ్లో రాతిరోలు మిగిలినట్టు, గుంటూరుకు రాజధాని వెళ్లింది, బాపట్లకు తీరం వెళ్లింది, మా పల్నాడుకు రాళ్లు మిగిలాయి.

కాబట్టి మా వాటా మాకు ఇప్పించాలి. సముద్రం మొత్తం అక్కర్లేదు, మూడు రోజుల పండుగకు సరిపడా చాలు. చోటు కూడా చూసి పెట్టాం, చంద్రవంక ఒడ్డున. ఇసుక జోలికి మాత్రం పోం. ఆ మాటెత్తితే కళ పక్కకుపోయి కేసులు మొదలవుతాయి. నాపరాళ్ల పాలిష్ మిల్లుల దగ్గర పడి ఉన్న పొడి తెచ్చి పరుస్తాం. ఉప్పుకు కొదవ లేదు, బోరు వేస్తే అదే వస్తుంది. అలలంటారా, ఎండాకాలం వెల్దుర్తి వైపు నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళకు కెమెరా పెట్టండి. బిందెలు పట్టుకుని జనం ఒక్కసారిగా ఎగసి, నీళ్లు అయిపోగానే వెనక్కి తగ్గుతారు. ఫొటోలో తేడా తెలియదు. లైఫ్‌గార్డులుగా ఎత్తిపోతల జలపాతం దగ్గరి మొసళ్లను పెట్టుకోవచ్చు, అవి జీతం అడగవు.

ఇక కళ. మా పక్కనే దుర్గి ఉంది. మెత్తటి సున్నపురాయిని దేవుళ్లుగా చెక్కే ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి నుంచి దాదాపు పూర్తయిన నందిని తెప్పించి సందర్శకుడి ముందు పెడతాం. చెవి అంచు దగ్గరికొచ్చేసరికి శిల్పి సుత్తిని కొసన పట్టుకోడు, పిడి మొదట్లోకి చెయ్యి జరుపుకుంటాడు. దెబ్బ పడిందో లేదో మనకు తెలియదు. నోటితో పొడి ఊదుతాడు, చూస్తాడు, మళ్లీ తడతాడు. ఆ ఉలే మన సందర్శకుడి చేతికిస్తాం. అతను సెల్ఫీ కోసం ఇటు తిరిగి అటు కొడతాడు. చెవి ఎగిరిపోతుంది. చప్పట్లు, సర్టిఫికెట్. రాత్రికి శిల్పి రెండో చెవిని కూడా అంతే పొట్టిగా చెక్కి సరిచేస్తాడు. తెల్లారేసరికి నంది కింద సందర్శకుడి పేరు, ఊరు, ఇన్‌స్టాగ్రామ్ ఐడీ.

పదిమందీ కలిసి కళ చేయడమనే కొత్త సంగతి మాకు నేర్పడానికి ఈవెంట్ కంపెనీ కూడా రావాలి మరి. కారంపూడిలో ఏటా కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ పల్నాటి వీరుల ఉత్సవం అయిదు రోజులు జరుగుతుంది. వీరాచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలతో వస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు, మందపోరు నాడు కులం అడక్కుండా చాపకూడు పెడతారు. చూడ్డానికని వెళ్లినవాడు ఆ జనంలో ఎప్పుడు కలిశాడో వాడికే తెలియదు. పాపం, రిజిస్ట్రేషన్ లింకు ఒక్కటే లేదు.

సరే, అందరూ కళాకారులే. అసలు కళాకారుడికి ఎంతిస్తున్నారు? ఇలాంటి పండుగల్లో షామియానా వాడికి టెండరు, మైకు వాడికి అడ్వాన్సు, డ్రోన్ ఎగరేసే కుర్రాడికి గంటల లెక్క. చేతిపనివాడికి మాత్రం ఒక ఫోన్. రాయి మీరే తెచ్చుకోండి, ఉలులు మీరే తెచ్చుకోండి, భోజనం కూపన్ ఇస్తాం, మంచి పబ్లిసిటీ వస్తుంది. ఎవడిక్కావాలయ్యా మీ పబ్లిసిటీ? కిరాణా కొట్లో చెల్లుతుందా అది? బతుకంతా చెక్కినవాడినీ అరగంట ఉలి పట్టినవాడినీ పక్కపక్కన నిలబెట్టి ఇద్దరూ ఒకటేననడం కూలి ఎగ్గొట్టే తెలివి, అంతే.

కూలి సంగతి సరే, పేరు సంగతి వినండి. మూడో శతాబ్దంలో సముద్రం దాటి సింహళ భిక్షువులు మా నాగార్జునకొండకు వచ్చారు. వాళ్ల కోసం బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. శాసనంలో తన పేరు, బంధువుల పేర్లు దండిగానే వేయించుకుంది. కానీ చివర్లో, పని చూసుకున్న ముగ్గురు థేర భిక్షువులతో పాటు విధికుడనే రాతిపనివాడి పేరు కూడా వేయించింది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక దాతకు తోచిన మర్యాద మీ ఫ్లెక్సీకి తోచదేం? నాయకులందరి మొహాలకూ జాగా ఉంటుంది, స్పాన్సర్ల లోగోలకు జాగా ఉంటుంది, చెక్కినవాడి పేరుకొచ్చేసరికి గుడ్డ చాలదు!

దుర్గి నుంచి ఎవరినైనా పిలిచేట్టయితే ముందు కాగితం మీద రాసివ్వండి. రాయి ఖరీదెంత, లారీ బాడుగెంత, రోజు కూలెంత, చెవి విరిగితే కట్టేదెంత. శాలువాలు మీ దగ్గరే ఉంచుకోండి. సగం ముందే ఇవ్వాలి, షామియానా వాడికి ఇచ్చినట్టే.