గడువు పొడిగింపు సూత్రమునకు అరకు టీక

మూలము: యుద్ధము, వఱద, కఱవు, అగ్ని, తుపాను, భూకంపము, ఇతర ప్రకృతివైపరీత్యము: వీనిచేఁ బని నిలిచెనేని గడువు పెంపఁదగును, నిర్మాత దోషము లేని సమంజసకారణమున నిలిచెనేని, పెంపు మొత్తముమీఁద నొక్క యేఁటికి మించరాదు. (2016 నాఁటి స్థిరాస్తి చట్టము, 6వ సెక్షను సారము.)

టీక: యుద్ధము = అరకులోయకు వార్తాపత్రికలలో వచ్చునది. వఱద = కొండవాలున నిలువక దిగువవారికిఁ బోవునది. తుపాను = 2014 అక్టోబరు 12న విశాఖతీరమును దాఁటి, సముద్రము కానరాని యీ కొండలమీఁది కాఫీతోటలలో నీడచెట్లను సైతము కూల్చిన హుద్‌హుద్ వంటిది. ఇతర = అధికారి హృదయము.

"మహమ్మారి యీ పట్టికలో లేదు గదా" యని పూర్వపక్షము. సమాధానము: 2020 మే 13న కేంద్రము దానిని ప్రకృతివైపరీత్యముగా గణింపుఁడని సూచించి, ఆ మార్చి 25న గాని తరువాత గాని గడువు తీఱు నమోదిత నిర్మాణములకు, ఎవరును దరఖాస్తు పెట్టకయే, ఆఱు నెలలు పెంపఁజెప్పెను. సర్కారు అడుగకయే యిచ్చిన సందర్భము లరుదు, పాఠకులు గుర్తుంచుకొనఁదగును.

తాత్పర్యము: పేరుగల విపత్తునకే మన్నన. ఏటేట ఆషాఢమునఁ దప్పక వచ్చి, శృంగవరపుకోటనుండి సిమెంటు, ఇనుము మోసికొనివచ్చు లారీని అనంతగిరి ఘాటురోడ్డున విఱిగిపడిన కొండచరియ వెనుక నిలిపివేయు వాన, ఎన్నఁడును వేళ తప్పదు గనుకనే, విపత్తుల పంక్తిలో విస్తరి నోఁచుకొనలేదు.

విశేషము: ఈ చట్టము అమ్మఁజూపు కట్టడములది. 1959 నాఁటి భూబదిలీ నిబంధన 1970లో సవరింపఁబడి 1/70 గాఁ బ్రసిద్ధమయ్యెను; దానిచే నీ మన్యమున గిరిజనేతరుల పేర భూమి బదిలీయే చెల్లదు. కావున మైదానపు నిర్మాత యిచటికి రాఁడు. వచ్చినను గడువుకంటె ముందు భూమినిగూర్చి సమాధానము చెప్పుకొనవలెను. తన భూమిలోఁ దానే యిల్లు లేపుకొను గిరిజనుఁడు ఈ సెక్షనునకు వెలుపలివాఁడు. అతని గోడయు వానకే నానును.

అయినను సూత్రాంతమందలి "సమంజసకారణము" క్రింద వానను దూర్పవచ్చునని నా యభిప్రాయము. అపుడు లభించునది గరిష్ఠముగా నొక యేఁడు. అరకున నొక యేఁటిలో నొక సంపూర్ణ వర్షకాలము తప్పక యిముడును. రెండవసారి అదే వానను చూపి యడుగఁబోవు నిర్మాతకు సూత్రకారుఁడు మిగిల్చిన పద మొక్కటియు లేదు.