విజయానికి ఆరో మెట్టు: లైఫ్ కోచ్

ఒకప్పుడు తెలుగువాడికి జీవితంలో పైకి రావాలనిపిస్తే యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ కొనుక్కుని, రెండో మెట్టు దాకా చదివి, బీరువాలో దాచుకునేవాడు. ఖర్చు అక్కడితో సరి. ఇప్పుడు రోజులు మారాయి. పైకి రావాలంటే లైఫ్ కోచ్ ఉండి తీరాలి. ఫోన్ తెరిస్తే చాలు, చేతులు కట్టుకుని నవ్వుతూ ఒకాయన ఎదురవుతాడు. ఇంతమందిలో మనకు తగినవాణ్ణి ఏరుకోవడం ఎలాగని బెంగపడేవారి కోసమే ఈ సూచనలు. తు.చ. తప్పకుండా పాటిస్తే మీ డబ్బుకు ఢోకా ఉండదు. చేరవలసిన చోటికి తిన్నగా చేరిపోతుంది.

1. మీ సమస్యేమిటో తేల్చుకోకండి

సమస్య తెలిసిందంటే దానికి తగ్గ మనిషి దొరికిపోయే ప్రమాదముంది. అప్పులు పెరిగాయంటే లెక్కలు తెలిసినవాడు చాలు. ఉద్యోగం మారాలంటే ఆ రంగంలో పదేళ్లు నలిగిన సీనియర్‌కి ఒక టీ ఇప్పిస్తే సరిపోతుంది. వారాల తరబడి నిద్ర పట్టడం లేదన్నా, దేనిమీదా మనసు నిలవడం లేదన్నా అది కోచ్ పని కాదు, డాక్టరు పని అని బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. పైసా తీసుకోనిచోట బాగుపడ్డామని నలుగురిలో ఎలా చెప్పుకుంటాం? అందుకని “లైఫ్‌లో ఏదో మిస్సవుతోంది సార్” అన్న దగ్గరే ఆగండి. కోచింగ్ అనేది బాగానే ఉన్నవాడు ఇంకో అడుగు ముందుకు వేయడానికే తప్ప రోగానికి వైద్యం కాదని ఎవరైనా చెప్పబోతే, వాళ్లను నెగెటివ్ మనుషుల జాబితాలో వేసుకోండి.

2. సర్టిఫికెట్‌ను చూడండి, చదవకండి

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. లైఫ్ కోచ్‌కి ఆ బాదరబందీ లేదు. విజిటింగ్ కార్డు అచ్చయిన పూటే ప్రాక్టీసు మొదలు. కొందరు చాదస్తులు మాత్రం 1995లో అమెరికాలో పుట్టిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ నుంచి గుర్తింపు తెచ్చుకుంటారు. అక్కడ మొదటి మెట్టయిన ఏసీసీకే 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం ఉండాలి. పీసీసీకి, అంటే గాంధీభవన్‌లో ఉండేది కాదు, 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీ కావాలంటే 200, 2,500. ఫలానా ఆయనకు ఆ గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడొచ్చు. అంత తీరిక మనకెక్కడిది? బంగారు రంగు సీలు మెరుస్తోందా, ‘ఇంటర్నేషనల్’ అన్న మాట ఆయన పేరుకన్నా పెద్దక్షరాల్లో ఉందా అని చూసుకుంటే చాలు.

3. మాట్లాడేవాణ్ణే పట్టుకోండి

ఈ విద్యకు మూలపురుషుల్లో ఒకరైన తిమోతీ గాల్వే టెన్నిస్ నేర్పేవారు. ఆటగాడికి సలహాలు నూరిపోసేకొద్దీ ఆట పాడవుతోందని గ్రహించి, బంతిని గమనించమని చెప్పి ఊరుకోవడం అలవాటు చేసుకున్నారు. 1974లో ఆ సంగతే పుస్తకంగా రాశారు. కార్ రేసుల నుంచి వచ్చిన జాన్ విట్‌మోర్ ఆ పద్ధతిని ఆఫీసుల్లోకి తెచ్చి, 1992 నాటి తన పుస్తకంతో నాలుగు ప్రశ్నలను ప్రచారంలో పెట్టారు: నీకేం కావాలి? ఇప్పుడెక్కడున్నావు? ఏయే దారులున్నాయి? వాటిలో ఏది చేస్తావు? అంటే ఏమన్నమాట? అడిగేది ఆయన, బుర్ర బద్దలు కొట్టుకునేది మీరు, ఫీజు కట్టేదీ మీరే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? మనకు కావలసింది హెడ్‌సెట్ మైకు పెట్టుకుని స్టేజీ అంతా తిరుగుతూ, పక్కవాడి అరచేతికి మన అరచేతిని కొట్టించి, ఆ అరచేతిలోనే వైకుంఠం చూపించేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ లోకువయ్యే భాగ్యం ఊరికే రాదు, టికెట్ కొనాలి.

4. ఉచిత వెబినార్‌ను వదలకండి

ఆదివారం పదకొండింటికి పెడతారు. మొదటి ముప్పావుగంట ఆయన కష్టాలు: ఇరుకు గది, గుమ్మంలో అప్పులవాళ్లు, ఒకానొక రాత్రి కలిగిన జ్ఞానోదయం. తర్వాతి పావుగంట కొత్త కారు. తీరా అసలు సూత్రం చెప్పే సమయానికి తెరమీద కోర్సు ధర ప్రత్యక్షమవుతుంది. 49,999 కొట్టేసి 9,999, జీఎస్టీ అదనం. పక్కన ఎర్రంకెల గడియారం పది నిమిషాల నుంచి కిందికి దిగుతుంటుంది. ‘ఇంకా 7 సీట్లే’ అని మెరుస్తుంటుంది. అంత కంగారులో నెట్ కట్టయి పేజీ మళ్లీ తెరిచారనుకోండి, గడియారంలో మళ్లీ పది నిమిషాలు, సీట్లు మళ్లీ ఏడు. దీన్ని మోసమనుకోకండి. కాలాన్నే వెనక్కి తిప్పగలిగినవాడికి మీ బతుకును ముందుకు నడపడం ఒక లెక్కా?

5. ఫోన్లో తేల్చేసుకోండి

మంచి కోచ్‌లు కూడా మొదటిసారి ఫీజు లేకుండా మాట్లాడతారు. వాళ్లను ఇట్టే గుర్తుపట్టి వదిలించుకోవచ్చు. ఏం కావాలని వచ్చారో అడుగుతారు. తమ వల్ల కానిదేమిటో ముందే చెబుతారు. ఎన్ని సెషన్లు, ఎంత ఫీజు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుంది, మీరు చెప్పినవి ఎవరి చెవినా పడకుండా ఏం చేస్తారు, ఇవన్నీ కాగితం మీద పెడతారు. పైగా ఇంకో ఇద్దరితో మాట్లాడి చూసుకోమంటారు. ఇలా అయితే వ్యాపారం చేసినట్టే!

తగినవాడి తీరు వేరు.

“మీలో ఒక మనీ బ్లాక్ ఉంది మేడమ్. చిన్నప్పుడే పడిపోయింది.”

“అవునాండీ! ఇంట్లో ఒక మాట అడిగి రేపు చెప్తాను.”

“చూశారా, మీ ప్రాబ్లమ్ ఇదే మేడమ్! మీ డెసిషన్ మీరు తీసుకోలేకపోతున్నారు. లింక్ పంపిస్తున్నా, ఈఎంఐ కూడా ఉంది.”

సొంత నిర్ణయాలు తీసుకోవడం నేర్పడానికి మీ తరఫున మొదటి నిర్ణయం ఆయనే తీసేసుకున్నాడు. ఇంతగా చేతల్లో చూపించే గురువు ఎక్కడ దొరుకుతాడు?

6. ఫలితం ఎవరిదో తెలుసుకోండి

ప్రమోషన్ వస్తే అది కోచ్ చలవ. మీరు వీడియో తీసి పంపాలి. రాకపోతే అది మీ కమిట్‌మెంట్ లోపం. గోల్డ్ ప్యాకేజీ నుంచి ప్లాటినంకి మారాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామనిపిస్తే అది మీ పాత మైండ్‌సెట్ తిరగబెట్టడమే. దానికి వేరే కోర్సుంది.

ఆఖరుగా ఒక్క హెచ్చరిక. కోచ్‌లలో ఒక జాతి ఉంది. నాలుగైదు నెలలు వెంట ఉండి, “ఇక మీ అంతట మీరు చేసుకోగలరండీ, నా అవసరం లేదు” అని దండం పెట్టి పంపించేస్తారు. వాళ్ల గుమ్మం తొక్కకండి. చేతికొచ్చిన కస్టమర్‌ని నిలబెట్టుకోవడం రానివాడు సక్సెస్ గురించి మనకేం చెబుతాడు?