ఫ్రీ ట్రయల్‌కు డబ్బు కట్టడం ఎలా?

ఏడు రోజులు ఊరికే సినిమాలు చూసి ఎనిమిదో రోజు చేతులు దులుపుకుని పోవడం మర్యాదస్తుల లక్షణం కాదు. ఊరికే తిన్న రుణం ఉంచుకోకూడదనుకునే వారి కోసమే ఈ సూచనలు. తు.చ. తప్పకుండా పాటిస్తే ఖాతా ఖాళీ కావడం ఖాయం.

1. చేరేటప్పుడు కళ్లజోడు తీసేయండి. ‘ఉచితం’ అన్న మాట జోడు లేకపోయినా కనిపిస్తుంది. దాని కింద ‘ఆ తర్వాత ఏడాదికి ఇంత’ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది మీకు అనవసరం. యాప్ రూపాయో రెండో అడుగుతుంది. యూపీఐ పిన్ కొట్టేయండి. ఆ పిన్ రూపాయికి కాదు, ఆటోపేకి. ఎంత వరకు కోయొచ్చో, ఎన్నాళ్లకోసారి కోయొచ్చో ఆ తెర మీదే ఉంటుంది. అటు చూశారో, వ్రతభంగం.

2. గడువు తేదీ ఎక్కడా రాసుకోవద్దు. చేరిన పది నిమిషాలకే క్యాన్సిల్ కొట్టే పిసినారులు కొందరుంటారు. చాలా యాప్‌లలో అలా కొట్టినా గడువు దాకా సినిమాలు ఆగవు. ఈ సంగతి తెలిసినవాళ్లతో సావాసం మానండి. ఐఫోన్ వాళ్లకు అదనపు సౌకర్యం ఉంది: గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేసుకోవాలి కాబట్టి, ఆఖరి రోజున గుర్తొచ్చినా కొంప మునగదు.

3. మెసేజ్‌లు చదవకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు మీకు చెప్పాలి. 2021 అక్టోబరు నుంచి ఈ బెడద మొదలైంది. అయితే లోన్ ఆఫర్లకూ ఓపెన్ ప్లాట్లకూ మధ్య ఆ మెసేజ్ నలిగిపోతుంది లెండి. 2022లో ఓటీపీ లేకుండా కోసే పరిమితిని 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. ఆ లోపు మొత్తమైతే ప్రతి నెలా ఓటీపీ అడిగి మీ నిద్ర చెడగొట్టరు.

4. యాప్ డిలీట్ చేసి, పీడ విరగడైందనుకోండి. ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి పొరపాటున కూడా వెళ్లొద్దు. యూపీఐ యాప్‌లోని ఆటోపే పేజీ జోలికైతే అసలే పోవద్దు. అక్కడ జాతకాల యాప్, స్పోకెన్ ఇంగ్లిష్ యాప్, జనవరి ఒకటిన మొదలెట్టి సంక్రాంతి అరిసెలతో ఆపేసిన వ్యాయామం యాప్, అన్నీ వరసగా మీ సొమ్ము తింటూ కనిపిస్తాయి. ఒక్కోదాన్ని అక్కడికక్కడే రద్దు చేయొచ్చన్న దుర్బుద్ధి పుడుతుంది.

5. రద్దు చేయబోతే బతిమాలించుకోండి. ‘ఉంటాను’ అన్న బటన్ ఇంత లావున మెరుస్తుంది. ‘వద్దు, నాకు ఆదా అక్కర్లేదు’ అన్నది బూడిదరంగులో నక్కి ఉంటుంది. ఇలా సిగ్గుపరచడాన్నీ, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చునూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 ‘డార్క్ ప్యాటర్న్స్’ జాబితాలో చేర్చి నిషేధించింది. మీరు మాత్రం ఆప్యాయత అనుకుని ఆగిపోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయకండి, ఫిర్యాదు రాసుకుంటారు.

ఇంత జాగ్రత్తపడినా ఇంట్లో ఎవరో ఒకరు గడువుకు ముందే రద్దు చేసేయవచ్చు. దిగులు పడకండి. వాళ్ల ఫోన్‌లో ఆటోపే పేజీ తెరిచి చూడండి.