పొద్దు పొడవక ముందే రండి: ఒక ఈత చెట్టు ఆత్మకథ

నేను ఈత చెట్టును. హిందూపురం దిక్కున పెన్న ఒడ్డు ఇసుకలో పుట్టాను. నన్నెవరూ నాటలేదు. పండు తిన్న ఏ నక్కో విత్తనం వదిలిపోయింది, అంతే.

అనంతపురం నేల మీద ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదైనా వేరుశనగ రైతు ఎదురుచూసిన అదనులో పడదు. మా జాతి వాననే నమ్ముకుని ఉంటే ఎప్పుడో అంతరించేది. ఏరు ఎండినా ఇసుక అడుగున ఎక్కడో చెమ్మ ఉంటుంది. వేళ్లు దాన్ని వెతుక్కుంటాయి, ఆకులు ఎండలో చక్కెర చేస్తాయి. నా ఒంట్లో పారే రసంలో నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెరే.

చలి మొదలయ్యాక ఈడిగ తాత వస్తాడు, నడుముకు మోకు, చేతిలో కత్తి. మొవ్వు కింద మట్టలు తీసి, లేత మానును పలచగా చెక్కి కుండ కడతాడు. తాటికీ కొబ్బరికీ గెలను గీస్తారు, నాకు ఒంటినే గీస్తారు. అందుకే ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదుటి పక్క. నా మాను పొడవునా మెట్లు మెట్లుగా కనబడేవి ఆ గాట్లే. విడవకుండా గీస్తే నేను బతకను, తాతకు తెలుసు. కొన్నాళ్లు గీసి, కొన్నాళ్లు ఆరనిస్తాడు. ఆరిన తరువాత మొదటి రాత్రి దిగే రసం తేటగా, అన్నిటికన్నా తియ్యగా ఉంటుంది. దాన్ని తాత అమ్మడు, ఇంటికి పట్టుకుపోతాడు.

తాత మనవడు బెంగళూరులో హోటల్ పని చేస్తాడు. సంక్రాంతికొచ్చి నా కిందే కూర్చుని ముంత ఎత్తాడు.

“తాతా, మా హోటల్లో భోజనాలయినాక చివర్న తీపి వైన్ పోస్తారు. చిన్న గ్లాసే. చప్పరిస్తా తాగల్ల.”

“ఆ తీపి యాడిదిరా?”

మనవడు చెప్పుకుంటూ పోయాడు, నేనూ విన్నాను. ఫ్రాన్సులోని సోటెర్న్‌లో, హంగరీలోని తొకాయిలో ద్రాక్షకు ఒక బూజు పట్టి గింజలో నీరు లాగేస్తుందట, మిగిలేది చక్కెర. కెనడాలో తీగ మీదే మంచుకు గడ్డకట్టిన పండ్లను పిండుతారట. పోర్చుగల్‌లో రసం పులుస్తుండగానే బ్రాందీ పోసి, ఈస్టు పని ఆపేస్తారట, తినగా మిగిలిన చక్కెరే ఆ తీపి. మన పక్కనే చిక్కబళ్లాపురం తోటల్లో పండే బెంగళూరు బ్లూ ద్రాక్షతోనూ పోర్టు పేరిట తియ్యని వైన్ చేస్తారు.

నీరు తగ్గితే తీపి చిక్కబడుతుందన్న మాట కరువు సీమ చెట్టునైన నాకు ఎంతో నచ్చింది. కానీ ద్రాక్షకు దొరికిన వ్యవధి నాకు లేదు. దాని తీపి సీసాలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. నాది పొద్దెక్కేసరికి పొంగుతుంది, గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి, మధ్యాహ్నానికి పులిసిన కల్లు. కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది, అదే నీరా. దాన్ని కాచి బెల్లం చేయమని గాంధీ ఏనాడో చెప్పాడు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో నీరా కేఫ్ తెరిచారు. మా సీమలోనూ అలాంటిదొకటి రావాలని నా కోరిక.

నా కడుపుమంట ఒకటుంది. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు నీళ్లలో కలిపి, దానికి కల్లు అని పేరు పెట్టి అమ్ముతారు. అందులో నా చుక్క ఉండదు. అది తాగి కూలివాళ్లు ఒళ్లు గుల్ల చేసుకుంటే నింద మా చెట్ల మీద పడుతుంది. నిజమైన ఈత రసం తాగినవాడికి దాని వాసనే గుర్తు. పచ్చి మట్ట వాసన, వెనుక నుంచి బెల్లం వాసన.

చలికాలంలో ఇటు వస్తే పొద్దు పొడవక ముందే రండి. మాను దగ్గరే, తాత చేతి మీదుగా దించినదే పుచ్చుకోండి, చిన్న గ్లాసు చాలు, నిదానంగా చప్పరించండి. వెళ్లేటప్పుడు మా ఊరి పెద్దలకు నా మాటగా చెప్పండి: ఒడ్డు ఇసుక తవ్వనివ్వొద్దు, వంకల గట్ల మీద ఈత గింజలు చల్లించండి.