ఒక మార్కు నిర్వాసితులు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ సెంటరుకైనా వెళ్లండి. పోటీ పరీక్షల మెటీరియల్‌లో బిట్ రెడీ. 1951 శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేసిందా? లేదు. ఒక మార్కు. గాజా, ఉక్రెయిన్, రోహింగ్యా అన్నీ కరెంట్ అఫైర్సే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్న పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. వాళ్లనేమీ అనను. నోటిఫికేషన్ల కోసం పడిగాపులు కాసీ కాసీ వాళ్లే సగం నిర్వాసితులయ్యారు.

మరి మన వాకిట్లోకొచ్చిన యుద్ధం ఏ పేపర్లో ఉంది సార్?

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. ఇటు జుడుం, అటు మావోయిస్టులు. నడుమ ఊళ్లు తగలబడ్డాయి. వేలాది గొత్తికోయ ఆదివాసులు ప్రాణాలు అరచేత పట్టుకుని ఖమ్మం, వరంగల్ అడవులకొచ్చారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు జుడుం రాజ్యాంగ విరుద్ధమంది. సంతోషం. కాలిన ఇళ్లో?

దేశం దాటొస్తే శరణార్థి. రాష్ట్రం దాటొస్తే? ఆక్రమణదారు! సుక్మాలో ఎస్టీ, భద్రాచలం చేరేసరికి ఎస్టీ కాదు. మిర్చి కోతలప్పుడు మాత్రం ఏ ఆసామీ కుల సర్టిఫికెట్ అడగడు. కొందరికి ఓటరు కార్డులూ ఉన్నాయి. ఓటుకు అడ్డురాని సరిహద్దు పట్టాకు అడ్డొస్తుంది.

ఇక అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబర్ 13 నాటికే భూమి సాగులో ఉండాలట. జుడుం పుట్టింది అదే ఏడాది జూన్‌లో. అంటే ఇల్లు కాలగానే ఏడుస్తూ కూర్చోకుండా, చకచకా అడవి దాటొచ్చి, ఆర్నెల్లలో పోడు కొట్టి, దున్నేసి ఉండాలన్నమాట. ఆలస్యంగా తగలబడ్డవాళ్ల ఖర్మ!

సాయం అందడం లేదని ఎవరన్నారు? చలికాలం రాగానే నారాయణగూడ నుంచి కారు బయల్దేరుతుంది. డిక్కీలో దుప్పట్లు, వాటి మీద చుట్టిన ఫ్లెక్సీ. ఒక్క దుప్పటికి పది చేతులు. ఫొటో సరిగా రాలేదని తల్లి చేతిలోంచి లాక్కుని మళ్లీ ఇస్తారు. ఫ్లెక్సీ మీద దాతల పేర్లకు ముందు డాక్టరేట్లతో సహా అన్నీ ఉంటాయి, గూడెం పేరు తప్ప. తిరిగొచ్చాక దాతగారికి సన్మానం. ఆయనకు కప్పే శాలువా, ఆయన పంచిన దుప్పటి కన్నా మందం.

సర్కారు వారి సాయం ఇంకో రకం. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ శాఖ గుడిసెలు కూల్చింది. అడ్డొచ్చిన ఆడవాళ్లను చెట్లకు కట్టేశారని పత్రికలు రాశాయి. చెట్టుకీ మనిషికీ విడదీయరాని బంధమంటే ఇదే కాబోలు!

జాతర జరిగే మేడారం కూడా ఆ మండలమే. కాకతీయ సేనతో తలపడిన కోయ తల్లి సమ్మక్కకు రెండేళ్లకోసారి నిలువెత్తు బంగారం, కోట్ల నిధులు, వీఐపీ పాసులు. తుపాకుల మధ్య నుంచి పిల్లల్ని చంకనేసుకొచ్చిన కోయ తల్లికి నోటీసు. జాతర ముందు జరిగే సమీక్షలో మంత్రులు మొట్టమొదట అడిగేది ఒకటే: పార్కింగ్‌కు ఎన్ని ఎకరాలు చూశారు?